అరిచేవాళ్లకు ఊపిరున్నట్టే

మొన్న నారాయణగూడ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. పక్కనే జామపండ్ల బండి. పండ్లు ఏరుకుంటున్న ముప్పై ఏళ్ల మనిషి ఒకడు ఉన్నట్టుండి కట్టెలా బిగుసుకుపోయి, కింద పడి కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఫిట్స్. ఇక మన జనం ఊరుకుంటారా? ఒకాయన జేబులోంచి తాళాల గుత్తి తీసి అతని గుప్పిట్లో కుక్కబోయాడు. "గవి స్టీలువన్నా, ఇనుముది గావాలె" అంటూ ఇంకొకాయన బండి మీది తూకంరాయి అందుకున్నాడు. మూడో ఆయన పళ్ల మధ్య దూర్చడానికి దువ్వెన తీశాడు. నాలుగో ఆయన మంచి భారీ మనిషి, ఏకంగా అతని కాళ్ల మీద కూర్చున్నాడు. అందరిదీ మంచి మనసే. ఆ మంచి మనసులన్నీ కలిసి పాపం అతని పళ్లు రాలగొట్టేలా ఉన్నాయి.

"తాళాలు జేబుల వెట్టుకోండ్రి! నోట్లె ఏం వెట్టకుండ్రి! ఆయన మీదికెళ్లి లెవ్వుండ్రి!"

అలా అరిచింది నేనే. మాది తెనాలి వైపు నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డ కుటుంబం. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినా ఇంట్లో మా అమ్మ భాష, తరగతి గదిలో పుస్తకాల భాష తప్ప నాకు ఇంకో భాష నోట రాలేదు. అలాంటిది ఆ యాస ఎక్కణ్ణుంచి ఊడిపడిందో! భారీ మనిషి బెదిరిపోయి లేచాడు. బండిని వెనక్కి లాగించాను. నా చేతిసంచి మడిచి అతని తల కింద పెట్టాను. అదిమి పట్టకుండా, ఏమీ చేయకుండా, వాచీ చూసుకుంటూ పక్కన కూర్చున్నాను. ఏమీ చేయకుండా కూర్చోవడం ఎంత కష్టమో చుట్టూ ఉన్న మొహాలు చూస్తే తెలిసింది. కాసేపటికి కొట్టుకోవడం ఆగింది. అప్పుడు అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టాను. నోట్లో నురగ బయటికి కారిపోయి ఊపిరి సాఫీగా ఆడింది. అంబులెన్సుకి ఫోన్ చేసే పని తాళాల ఆయనకే అప్పజెప్పాను. ఏదో ఒక పని చెప్పకపోతే ఆయన మళ్లీ గుత్తి తీసేలా ఉన్నాడు.

"డాక్టరా సార్?" అని అడిగాడు ఫోన్ పెట్టేశాక.

"కాదండీ. తెలుగు లెక్చరర్ని. రిటైరయ్యాను."

"మరి గివన్ని మీకెట్ల తెలుసు?"

ఈలోపు అంబులెన్సు వచ్చింది, అతన్ని ఎక్కించుకుని వెళ్లింది. వెనకే నా బస్సూ వచ్చింది. ఆయనకు జవాబు చెప్పనే లేదు. ఫుట్‌బోర్డు మీద నిలబడి చెప్పే సంగతి కాదది.

ఇవన్నీ నాకు నేర్పిన ఆవిడను అశోక్‌నగర్‌లో అందరూ సిస్టరమ్మ అనేవాళ్లు. అసలు పేరు నాకు తెలుసు గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే ఒక క్షణం ఎవరినా అన్నట్టు చూసేది, కాబట్టి ఇక్కడా వద్దు. పోటీ పరీక్షల పిల్లల హాస్టళ్లకూ స్టడీ హాళ్లకూ మధ్య ఇరుక్కున్న పాత డాబా ఇల్లు ఆవిడది. సర్కారు దవాఖానలో ఎమర్జెన్సీ వార్డు నర్సుగా చేసి రిటైరయింది. పొట్టి మనిషి. నేత చీర కట్టి, కాళ్లకు కాన్వాస్ బూట్లు వేసేది. చీర మీద ఆ బూట్లేమిటండీ అని మా ఆవిడ ఓసారి ఉండబట్టలేక అడిగేసింది.

"రోడ్డు మీద మోకాళ్ల మీద కూసోవాలంటే చెప్పులు జారుతయమ్మా" అంది ఆవిడ, రోజూ కూరగాయలకు వెళ్లే ప్రతి ఆడమనిషీ దారిలో ఒకసారి రోడ్డు మీద మోకరిల్లి వస్తుందన్నట్టుగా.

ఎదురుపడితే ముందు మన మొహం చూసేది కాదు, ఛాతీ చూసేది. ఊపిరి ఎలా ఆడుతోందో చూసుకున్నాకే కళ్లు పైకి లేచి పలకరించేవి. కొత్తవాళ్లు చొక్కా గుండీ ఊడిందేమోనని తడుముకునేవాళ్లు. ఇక ఎవరినైనా పిలవాలంటే రెండు భుజాలూ గట్టిగా తట్టి, "బాబూ, వినవడుతున్నదా?" అనడం అలవాటు. బ్యాంకులో కునుకు తీసే పెద్దమనుషులూ, గుడి అరుగు మీద కళ్లు మూసుకుని జపం చేసుకునేవాళ్లూ చాలామంది ఆ తట్టుడికి ఉలిక్కిపడి లేచినవాళ్లే. కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన ఆవిడ భర్త, చాలా నెమ్మదైన మనిషి, మధ్యాహ్నం కాస్త ఒళ్లు వాల్చాడంటే ఆయనకూ అదే మర్యాద. "ఉన్ననే, ఏడికి వోలే" అని కళ్లు తెరవకుండానే జవాబిచ్చేవాడాయన.

ఆవిడ నాకు ఎలా పరిచయమైందో నేను చెప్పలేను. ఆ సమయంలో నాకు స్పృహ లేదు. అందుకని ఈ ముక్క మా ఆవిడ చెప్పిందే చెబుతాను. ఆమె ఇప్పటికి చాలాసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ తన పట్టుచీర సంగతి కొంచెం పొడుగవుతుంది.

కొన్నేళ్ల కిందట నారాయణగూడలో బంధువుల ఇంట్లో వ్రతానికని ఒక సాయంత్రం చిక్కడపల్లిలో ఆటో ఎక్కాం. కూరగాయల మార్కెట్టు దాటీ దాటగానే ఎవరో స్కూటరు మీద అడ్డం వచ్చారు. ఆటో డివైడరెక్కి పల్టీ కొట్టింది. డ్రైవరు మోచేతులు గీరుకుని బయటపడ్డాడు. ఆటో కడ్డీ తగిలి మా ఆవిడ నుదురు చిట్లింది. నుదుటి గాయం చిన్నదైనా రక్తం ధారగా కారుతుంది, చూసేవాళ్లకు గుండె ఆగిపోతుంది. పైగా మా ఆవిడ గొంతు తక్కువదేమీ కాదు. జనమంతా ఆమె చుట్టూ మూగారు. ఒకరు విసురుతున్నారు, ఒకరు సోడా పట్టుకొచ్చారు, ఎవరో ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారు. నేను కాస్త అవతల డివైడరు పక్కన వెల్లకిలా పడి ఉన్నాను. గురక పెడుతున్నానట.

"పెద్దమనిషి నిద్రవోతున్నడు, ఆయనకేం గాలె" అన్నారట ఒకరు.

"తాగిండేమో" అన్నారట ఇంకొకరు. జీవితంలో దగ్గుమందు తప్ప తాగని వాణ్ని.

అప్పుడొచ్చిందట ఆవిడ, చేతిలో టమాటాల సంచితో. పరుగెత్తలేదట. రోడ్డు అంచున ఆగి అటూ ఇటూ చూసి, ఇద్దరిని పిలిచి బస్సులకు అడ్డం నిలబెట్టింది. "ముందు బండ్లు ఆపుండ్రి. నన్ను గూడ గుద్దితే ఇగ అందర్ని ఎవరు జూస్తరు?" అంది. నేరుగా మా ఆవిడ దగ్గరికి వచ్చి, ఏమైందమ్మా అని కూడా అడగకుండా, ఆమె పమిటచెంగే మడతపెట్టి నుదుటి మీద ఉంచి, ఆమె చేతినే దాని మీద పెట్టింది.

"ఒత్తు. ఇంక గట్టిగ. మాటిమాటికి తీసి చూడకు. నేను మళ్ల వస్త."

అని లేచి వెళ్లిపోతోంది. మా ఆవిడకు ఒళ్లు మండింది. ఒంటినిండా రక్తం కారుతున్న తనను వదిలేసి ఎక్కడికి పోతుందీ మనిషి?

"నేను చచ్చిపోతున్నానండీ!" అని కేక పెట్టింది.

ఆవిడ వెనక్కి తిరగలేదు. "అరుస్తున్నవ్ గద బిడ్డా. అరిచేటోళ్లకు ఊపిరున్నట్టే. అరవని ఆయన ఏడి?"

అరవని ఆయన నేనే. నా తల దగ్గర రోడ్డు మీద మోకరిల్లింది. టమాటాలు దొర్లిపోయి ఎవరెవరి కాళ్ల కిందో పడ్డాయి. భుజాలు తట్టింది, పిలిచింది. నేను పలకలేదు. "ఇది గురక గాదు. నాలిక వడి గాలి తొవ్వ మూసుకపోతున్నది" అని, తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని, వేళ్లతో నా దవడను ముందుకు నెట్టింది. గురక ఆగిందట. గాలి లోపలికి పోయిన చప్పుడు మా ఆవిడకు అంత దూరానికీ వినిపించిందట. ఇది మాత్రం ఆమె ఎప్పుడూ నవ్వుతూ చెప్పదు.

ఈలోపు మన జనం నా మీద పడ్డారు. ఒకాయన నీళ్ల సీసా మూత తీశాడు. "స్పృహ లేనోనికి నీళ్లు వోస్తె ఊపిరితిత్తులల్లకు వోతయి. నువ్వు దాగు, జర శాంతమైతవ్" అంది ఆవిడ. నలుగురు కలిసి నన్ను కాళ్లూ చేతులూ పట్టి ఇంకో ఆటోలో వేయబోయారు. "మెడ ఇరిగుంటే? ముట్టకుండ్రి!" అంది. ఎవరో అంబులెన్స్, అంబులెన్స్ అని అరుస్తున్నారు గానీ ఒక్కరూ ఫోన్ చేయడం లేదు. ఆవిడ చేతులు నా దవడ మీద ఉన్నాయి కాబట్టి గడ్డంతోనే చూపించింది. "నీలం అంగీ. ఆ, నువ్వే. 108కి ఫోన్ చెయ్. చేసి ఏమన్నరో నాకు జెప్పు." ఆ నీలం చొక్కా ఎవరో ఇప్పటికీ తెలియదు. ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి. మధ్యలో నేను వాంతి చేసుకుంటే, ఇద్దరిని ఒకచోట, ఒకరిని ఒకచోట పట్టుకోమని చెప్పి, మెడ మెలిపడకుండా నన్ను ఒక్క దుంగలా పక్కకు దొర్లించింది. అంబులెన్సు వచ్చేదాకా ఆ దవడ వదల్లేదు. వాళ్లకు నన్ను అప్పగించాక లేవడానికి ఆవిడకే ఇద్దరు సాయం పట్టవలసి వచ్చింది. లేచి, మాటిచ్చినట్టే మా ఆవిడ దగ్గరికి వచ్చి, పమిటచెంగు మీద ఇంకో గుడ్డ చుట్టి గట్టిగా కట్టింది.

తలకు బలమైన దెబ్బ. చాలా రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. దారి పొడవునా ఊపిరి సరిగా ఆడబట్టే బతికాడమ్మా అని అక్కడి డాక్టరు మా ఆవిడతో అన్నాడు. మా ఆవిడ దీనికి తన వ్యాఖ్యానం తాను చేర్చుకుంది. "పెళ్లయ్యాక మీరు నోరు మూసుకున్నది ఆ ఒక్కరోజే. అదే మీ ప్రాణం మీదికి తెచ్చింది." నిజమే. నాకు తలనొప్పి వస్తే మా వీధి చివరిదాకా తెలుస్తుంది. అంతటి వాగుడుకాయ నోట మాట లేకుండా పడి ఉన్నప్పుడు, ఎవరికీ కనిపించని నన్ను, ఆవిడ ఒక్కతే చూసింది. ఆ తర్వాత నేను తిన్న ప్రతి వేసవి మామిడిపండూ, మా అమ్మాయి పెళ్లిలో నేను పోసిన కన్నీళ్లూ, ఇవన్నీ ఆవిడ నాకు ఇచ్చినవి. ఈ మాట ఆవిడతో ఒక్కసారి అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

కాస్త తిరగగలిగాక పూతరేకుల పెట్టె పట్టుకుని ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. నేను దారంతా వాక్యాలు కూర్చుకున్నాను. తెలుగు మాస్టర్ని కదా, ప్రాణదాత, పునర్జన్మ వంటి మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆవిడ నా ఛాతీ చూసింది, మా ఆవిడ నుదుటి మచ్చ చూసింది, ఒక పూతరేకు నోట్లో వేసుకుంది, మిగతావి పక్క స్టడీ హాలుకు పంపించింది. నేను గొంతు సవరించుకునే లోపే లోపలి నుంచి పెద్ద బాలీసు ఒకటి తెచ్చి గచ్చు మీద పడేసింది.

"ఆ ముచ్చట్లన్ని తర్వాత. ఇద్దరు మోకాళ్ల మీద కూసోండ్రి. ఈ బాలీసు పడిపోయింది, పలుకుతలేదు, ఊపిరి తీస్తలేదు. ఏం జేస్తరు?"

థాంక్స్ చెప్పడానికి వెళ్లినవాళ్లం చెమటలు కారేలా బాలీసు గుండె నొక్కాం. "పూరీ పిండి పిసుకుతున్నరా సార్? రొమ్ము నడిమిట్ల వెట్టుండ్రి చెయ్యి. మోచేతులు వంచకుండ్రి. గట్టిగ, వేగంగ. మళ్ల పైకి లేవనియ్యాలె, అప్పుడే గుండెల నెత్తురు నిండుతది."

"మరీ గట్టిగా నొక్కితే పక్కటెముకలు విరగవూ?" అంది మా ఆవిడ.

"ఇరిగితే అతుకుతయి. సచ్చినంక ఎముకలన్ని మంచిగుంటే ఏం జేసుకుంటవమ్మా?"

ఆవిడ భర్త నవ్వుతూ చాయ్ తెచ్చి, మా ఇద్దరికీ మధ్య, బాలీసు మీద జాగ్రత్తగా ట్రే పెట్టాడు. రోగి మీద చాయ్ పెట్టినందుకు ఆయనా తిట్లు తిన్నాడు.

అలా మొదలై ఆ ఇంటికి రాకపోకలు అలవాటయ్యాయి. ఆదివారాలు ఆవిడ డాబా మీద కోచింగు పిల్లల్ని కూర్చోబెట్టి ఇవే పాఠాలు చెప్పేది. పిల్లలు సగంమంది పుస్తకం ఒళ్లో పెట్టుకునే వచ్చేవాళ్లు. "ఇది సిలబస్‌ల ఉన్నదా సిస్టరమ్మా?" అని ఒకడు అడిగితే, "నీ రూమ్మేటు మెస్సుల అన్నం గొంతుల వడి నీలంగ మారితే, ఆగురా, సిలబస్ జూసొస్త అంటవా?" అని వాడినే ముందుకు పిలిచి బొమ్మగా నిలబెట్టేది. గొంతులో అడ్డం పడ్డవాడు దగ్గుతున్నంతసేపు వాడి జోలికి పోవద్దనేది. దగ్గంటే గాలి ఆడుతున్నట్టే. దగ్గు ఆగిపోయి, మాట రాక, చేతులు గొంతు మీదికి పోయాయా, అప్పుడు ముందుకు వంచి వీపు మీద గట్టిగా చరవాలి, దానికీ రాకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు పైన లోపలికీ పైకీ గుంజాలి. తర్వాత ఒకరోజు నిజంగానే ఒక మెస్సులో అలా జరిగింది. పిల్లలు రొప్పుతూ పరుగెత్తుకొచ్చి, చపాతీ ముక్క బయటపడిందనీ మనిషి బాగున్నాడనీ చెప్పారు. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. "నీళ్లు వోసిన్రా?" అని మాత్రం అడిగింది. లేదన్నాక, లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చి, అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించింది.

"ఊపిరి ముందుగాల. తర్వాత నెత్తురు. కథ ఆఖరికి." ఇది ఆవిడ తారకమంత్రం. కథ అంటే ఎలా జరిగింది, తప్పెవరిది, పొద్దున బయల్దేరేటప్పుడు పిల్లి ఎదురొచ్చిందా వగైరా. ప్రమాదం జరిగిన చోట మనవాళ్లు మొదట మొదలుపెట్టేది కథతోనే అని ఆవిడ బాధ. నేను ఉత్సాహపడి, ఈ పాఠాన్నంతా పిల్లలకు నోటికొచ్చేలా ఒక సీసపద్యంలో పెడతానన్నాను.

"వద్దు సార్. మీ పద్యం అయిపోయెటాళ్లకు ఆయన అయిపోతడు."

ఆ మంత్రం దవాఖాన సంగతులకే కాదు, అన్నిటికీ వాడేది. పక్కింటివాళ్లు నీళ్ల ట్యాంకు తగాదా పెట్టుకుని తీర్పుకు వచ్చినా అదే. ప్రిలిమ్స్ పోయిందని ఒక ఆడపిల్ల ఏడుస్తూ గడపలో కూలబడినా అదే. "ఊపిరాడుతున్నదా? నెత్తురు గిట్ల పోతున్నదా? లేదు గద. అయితే లోపలికి రా, చాయ్ తాగు. ఇగ జెప్పు కథ." అని ఆ పిల్ల కథ మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో ఒక్క మాట అడ్డం రాకుండా వినేది. కథ ఆఖరికి అనేది గానీ, కథ వద్దనేది కాదు.

మరీ సాధువని చెప్పను. కోపం ముక్కు మీదే ఉండేది. కాలిన చేతికి టూత్‌పేస్టు రాసుకొచ్చిన ఒకావిడను, "పంపు కింద వెట్టు ముందు! ఇది చెయ్యా, పన్నా?" అని వీధంతా వినేలా అరిచింది. గుండెనొప్పిని గ్యాసనుకుని సోడా తాగుతూ కూర్చున్న దుకాణదారును చొక్కా పట్టుకుని అంబులెన్సు ఎక్కించింది. అతను బతికి వచ్చాక మళ్లీ ఇంకోసారి తిట్టింది. ఆవిడను దేవతా అన్నవాళ్లంటే అసలు పడేది కాదు. "దేవతనైతే నాకు ఈ మోకాళ్ల నొప్పులెందుకుంటయి?" అనేది.

ఈ ఏడు వానాకాలం మొదట్లో ఆవిడ పోయింది. నిద్రలోనే. తెల్లవారి ఎంతకీ లేవకపోతే భర్త రెండు భుజాలూ తట్టి పిలిచాడట. అప్పటికే ఒళ్లు చల్లబడిపోయి చాలాసేపైంది.

కబురు తెలిసి మేం వెళ్లేసరికి ఇల్లు జనంతో నిండిపోయింది. హాల్లో పడుకోబెట్టారు. కాళ్లకు బూట్లు లేకపోవడం చూసి నాకు దుఃఖం ఆగలేదు. కవాడిగూడలో ఉండే కూతురు తల్లి మీద పడి గుండెలవిసేలా ఏడుస్తోంది. ఆడవాళ్లంతా ఆమెను పట్టుకుని ఉన్నారు. డాబా మెట్ల మీద కోచింగు పిల్లలు, గేటు దగ్గర మార్కెట్టువాళ్లు. కొడుకు ఆదిలాబాద్ నుంచి వస్తున్నాడు, వానలకు రోడ్డు బాగాలేక ఆలస్యమవుతోంది, అతనొచ్చాకే తీసుకెళ్లేది అన్నారు. అప్పటికే మధ్యాహ్నమైంది.

ఆవిడ భర్త ఇంటి వెనక వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వచ్చినవాళ్లు ఆయన దగ్గరికి వెళ్లడం, భుజం మీద చెయ్యి వేసి ధైర్యంగా ఉండండి అనడం, ఆయన తల ఊపడం, వాళ్లు మళ్లీ హాల్లోకి రావడం. నేనూ అదే చేశాను. "పాపం, ఒక్క బొట్టు కన్నీరు పెట్టలేదు. అంతా లోపల్నే దిగమింగుతుండు" అంటున్నారు పక్కన. నేనూ అలాగే అనుకుని తిరిగి వస్తున్నాను. కూతురి ఏడుపు ఇంటి కప్పు ఎగిరిపోయేలా ఉంది. ఆ ఏడుపు మధ్యలో నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. ఇందాక ఆయన నావైపు తల ఊపాడు గానీ, నన్ను చూశాడా?

వెనక్కి వెళ్లాను. బయట వాన పడి చలిగా ఉంది, ఆయన చొక్కా మాత్రం చెమటకు ఒంటికి అంటుకుపోయి ఉంది. చేతివేళ్లు వణుకుతున్నాయి. భుజాలు రెండూ తట్టి, "సార్, వినపడుతోందా?" అన్నాను.

"బస్సు... వచ్చిందా?" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆయనకు షుగర్. పొద్దున్నే కడుపు మీద ఇన్సులిన్ సూది వేసుకుని, వెంటనే టిఫిన్ తింటాడు; తినకపోతే ఒంట్లో చక్కెర పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఆ ఇంటికి వెళ్లేవాళ్లందరికీ తెలిసిన సంగతే, ఫ్రిజ్ తలుపులో పాలప్యాకెట్ల పక్కనే ఉంటాయి ఆ మందు సీసాలు.

"పొద్దున సూది వేసుకున్నారా?" అని అడిగితే తల ఊపాడు. "ఏమైనా తిన్నారా?"

ఆయనకు బదులు, గోడవార కూర్చున్న ఆయన పెద్ద వదిన అందుకుంది. "ఎట్ల తింటరయ్యా? శవం లేసెదాంక ఇంట్ల పొయ్యి ముట్టియ్యం గద."

అలవాటుగా లేవగానే సూది వేసుకున్నాక ఆమెను లేపడానికి వెళ్లి ఉంటాడు. ఆ తర్వాత ఇల్లంతా జనం. చాయ్ చుక్క కూడా ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వకూడదు కాబట్టి. ప్రేమ లేక కాదు, పద్ధతి తెలిసినవాళ్లు కాబట్టి. "చక్కెర! త్వరగా!" అని మా ఆవిడను కేకేశాను. ఆమె అప్పటికే వంటింట్లోకి పరుగెత్తుతోంది. పెద్ద వదిన లేచి వంటింటి గడపకు అడ్డం నిలబడింది.

"పెండ్లాం శవం ఇంట్లుండంగ మొగనికి తీపి వెడ్తరా? ఏం మనుషులయ్యా మీరు? నలుగురు ఏమంటరు?"

నేను చాలా పెద్దగా అరిచాను. ఏమన్నానో గుర్తు లేదు, ఇంకొంచెంసేపు ఆగితే ఇంట్లో రెండో శవం లేస్తుందని అన్నానట. హాల్లో ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయింది. మా ఆవిడ పెద్దామెను పక్కకు జరిపి, గ్లాసుడు నీళ్లలో చక్కెర గుప్పిళ్లతో పోసి కలిపి తెచ్చింది. కోచింగు పిల్లల్లో ఒకమ్మాయి, ఎవరూ చెప్పకుండానే, అంబులెన్సుకి ఫోన్ చేసి ఇంటి గుర్తులు చెబుతోంది. ఇంకొకమ్మాయి అందరినీ వరండాలోంచి బయటికి పంపుతోంది.

నోట్లో పోయడానికి నాకు భయమేసింది. మింగలేని మనిషికి పోస్తే చంపినట్టే. గ్లాసు ఆయన చేతికే ఇచ్చి, నా చెయ్యి ఆనించి, "కొంచెం తాగండి సార్" అన్నాను. ఒక చిన్న గుక్క తీసుకున్నాడు. గొంతు కదిలింది. మింగాడు. ఇంకొకటి. సగం చొక్కా మీద ఒలికిపోయింది. కూతురు వచ్చి ఆయన మోకాళ్ల దగ్గర కూర్చుంది, ఊపిరి బిగబట్టి ఆయన మొహమే చూస్తోంది. నాకు దేవుడి మీద పెద్ద నమ్మకం లేదు గానీ, ఆ కాసేపూ అందరు దేవుళ్లకూ మొక్కాను. ఈ ఇంటికి నా ప్రాణమంత అప్పున్నాను, ఈ మనిషిని నా చేతుల్లో పోనీకు అని.

గ్లాసు అయిపోయింది. కొంతసేపటికి వేళ్ల వణుకు తగ్గింది. చెమట తుడిస్తే మళ్లీ పట్టలేదు. కళ్లు నెమ్మదిగా నా మొహం మీద నిలబడ్డాయి. "మీరా సార్" అన్నాడు. చేతిలో గ్లాసు చూసుకున్నాడు, తడిసిన చొక్కా చూసుకున్నాడు. తప్పు చేసి దొరికిపోయినవాడిలా హాలు వైపు ఒకసారి చూసి, నన్ను దగ్గరికి వంగమని సైగ చేశాడు. వంగాను.

"తినకుంట సూది ఏసుకున్ననని ఆమెకు జెప్పకుండ్రి సార్. పరేషాన్ అయితది" అన్నాడు నా చెవిలో.

కూతురు రెండు చేతులతో నోరు మూసుకుంది. మా ఆవిడ మొహం తిప్పుకుంది. నేను పిల్లలు తెచ్చిన బిస్కెట్ ప్యాకెట్ చించి, ఒకటి ఆయన చేతిలో పెట్టాను.

"చెప్పను సార్" అన్నాను. "ముందు ఇది తినండి."